సొంత సంతకం చెల్లే దేశం

మా ఆయనకి దేశాలు వాటి లైసెన్సులతోనే గుర్తుండేవి. ఫలానా దేశం రాజధాని ఏమిటని అడిగితే నీళ్ళు నమిలేవాడు కానీ, అక్కడ విమానంలోంచి పారాచూట్ కట్టుకుని దూకాలంటే ఏ కాగితం కావాలో మాత్రం గడగడా అప్పజెప్పేవాడు. ఒక దేశంలో పాతిక జంపులకే కార్డు చేతిలో పెడతారట. ఇంకో దేశంలో యాభై దూకినా, పారాచూట్ మడతపెట్టడం రాకపోతే కార్డు ఇవ్వరట. ఒకచోట ఇచ్చిన కార్డు చచ్చేదాకా చెల్లుతుంది, ఒకచోట ఏడాదికోసారి కొత్తది తీసుకోవాలి. ఒకచోట పదహారేళ్ళకే దూకనిస్తారు, ఇంకోచోట పద్దెనిమిది నిండాలి. "గాలి అంతటా ఒకటే, నేల అంతటా ఒకటే, మధ్యలో గుమాస్తాలే వేరు" అని క్లబ్బుకి వచ్చినవాళ్ళని నవ్వించేవాడు. ఆ మాట వందసార్లు విన్నదాన్నైనా నేనూ నవ్వేదాన్ని.

నేను అదే క్లబ్బులో పారాచూట్లు బాగుచేసేదాన్ని. చిరిగిన గుడ్డకి అతుకు, అరిగిన తాడు స్థానంలో కొత్త తాడు, పీచులు లేచిన పట్టీకి కొత్త పట్టీ. నా కుట్టు ఊడితే మనిషి పోతాడు కాబట్టి నా నోరు ఎంత పెద్దదైనా అందరూ పడేవారు. క్లబ్ యజమానిని కూడా చెప్పులతో షెడ్డులోకి రానిచ్చేదాన్ని కాదు. మా అమ్మాయి డిగ్రీ ఆఖరి ఏడు చదువుతోంది. సెలవురోజుల్లో క్లబ్ ఆఫీసులో కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునేది. ముగ్గురం ఒకే బండిలో వెళ్ళి ఒకే బండిలో తిరిగొచ్చేవాళ్ళం. దారంతా తండ్రీ కూతుళ్ళు ఒక జట్టు, నేనొక జట్టు.

ఆయన్ని అక్కడ అందరూ మాస్టారు అనేవాళ్ళు. చేసేది టాండెం. అంటే జన్మలో ఎప్పుడూ దూకనివాళ్ళని తన ఛాతీకి నాలుగు కొక్కేలతో తగిలించుకుని, ఇద్దరూ ఒకే పారాచూట్ మీద దిగడం. ముందు వేలాడే మనిషి చేసేదేమీ ఉండదు, కేకలు పెట్టడం తప్ప. అంతా వెనకున్నవాడి చేతుల్లోనే. అందుకే మా దేశంలో రూలు రెండు రకాలు. ఒక్కడే దూకేవాడు ఏడాదికోసారి "నా ఆరోగ్యం బాగానే ఉంది" అని తనే రాసి సంతకం పెడితే చాలు. ఇంకొకళ్ళని కట్టుకుని దూకేవాడికి మాత్రం రెండేళ్ళకోసారి డాక్టరు చూసి ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. నీ ప్రాణం నీ ఇష్టం, పరాయివాళ్ళ ప్రాణానికి మాత్రం డాక్టరు హామీ ఉండాలి, అంతే. ఇరవై రెండేళ్ళు ఆ కాగితాల మధ్యే బతికాను.

వానలు తగ్గి గాలి నిలకడగా ఉండే నాలుగు నెలలు మాకు సీజన్. ఆ ఏడు సీజన్ మొదలైన రెండో వారం. వంటింట్లో నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆయన బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతూ, ముందురోజు ఒక లావుపాటి కాంట్రాక్టరు విమానం తలుపు పట్టుకుని వదలకుండా వేలాడిన కథ చెబుతున్నాడు. మధ్యలో మాట ఆగిపోయింది. అటు తిరక్కుండానే "ఊఁ, తర్వాత?" అన్నాను. జవాబు లేదు. తిరిగి చూస్తే కప్పు ఒరిగిపోయి టీ ఒళ్ళో కారుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ చూపు నామీద లేదు, దేనిమీదా లేదు. పెదవులు చప్పరిస్తున్నాడు. కుడిచెయ్యి చొక్కా గుండీని పట్టుకుని లాగుతూనే ఉంది. పిలిచాను, భుజం పట్టుకుని కుదిపాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అర నిమిషం పైనే అయ్యుంటుంది, అప్పుడు మామూలుగా నా మొహంలోకి చూసి టీ ఎవరు ఒలకబోశారని అడిగాడు.

జరిగింది చెబితే నవ్వేశాడు. ఏదో ఆలోచనలో పడ్డానన్నాడు. తర్వాత కాంట్రాక్టరు కథ మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. సగం చెప్పేశాడన్న సంగతి ఆయనకి గుర్తులేదు. నాకు నవ్వు రాలేదు, అయినా నవ్వాను.

రెండోసారి పదిరోజులకి, షెడ్డులో. ఒక టాండెం పారాచూట్ తాళ్ళు పొడవునా పరిచి నేను వేళ్ళతో తడిమి చూస్తున్నాను, ఆయన అటుకొస పట్టుకుని నిలబడ్డాడు. బయట ఒక పళ్ళ డాక్టరు దూకడానికి తయారై ఎదురుచూస్తున్నాడు. ఉన్నట్టుండి సగం తాళ్ళు వదులైపోయాయి, సగం బిగుసుకున్నాయి. తలెత్తాను. అదే చూపు, అదే చప్పరింపు. ఈసారి ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంగి కొయ్యబారిపోయింది. ఆ చేతిలో ఉన్న తాళ్ళని కిందకి లాగి అలాగే పట్టుకుని ఉన్నాడు. నేను వేళ్ళు ఒక్కొక్కటే విప్పబోయాను, రాలేదు.

తేరుకున్నాక ఈ ఒక్కరోజూ వద్దండీ అన్నాను. నీకు ఏదో పట్టుకుందని విసుక్కుని బయటికెళ్ళిపోయాడు. నేను విమానానికి అడ్డం పడాల్సింది. క్లబ్ యజమాని చెవిన ఒక మాట వెయ్యాల్సింది. నోటిదురుసుదని పేరున్నదాన్ని, ఆరోజు కిక్కురుమనలేదు. అంతమందిలో ఆయన పరువు తీసినట్టవుతుందని అనిపించింది. షెడ్డు బయట నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాను. పారాచూట్ విచ్చుకుని, కిందకొచ్చి, పళ్ళ డాక్టరు కాళ్ళు నేలకి తగిలేదాకా కన్ను పక్కకి తిప్పలేదు. ఆ మహానుభావుడు నా దగ్గరికొచ్చి, మీ ఆయన చేతుల్లో కళ్ళు మూసుకుని ప్రాణం పెట్టేయొచ్చమ్మా అన్నాడు.

ఆ నెలాఖరుకి ఆయన సర్టిఫికెట్ గడువు అయిపోతోంది. క్లబ్బువాళ్ళని చూసే డాక్టరమ్మ దగ్గరికి నేనూ వెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళేదాన్ని కాదు. ఎందుకొస్తున్నావని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. డాక్టరమ్మ కళ్ళు చూసింది, చెవులు చూసింది, రక్తపోటు చూసి కుర్రాడిలా ఉన్నారని మెచ్చుకుంది. తర్వాత కాగితం ముందేసుకుని వరసగా ప్రశ్నలు చదవడం మొదలుపెట్టింది. గుండెనొప్పి లేదు. ఉబ్బసం లేదు. ఆపరేషన్లు లేవు.

"ఎప్పుడైనా స్పృహ తప్పడం, మూర్ఛ, కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం?"

"లేవండీ" అన్నాడు.

ఆవిడ పెన్ను కాగితం మీదికి దిగింది. ఆ గళ్ళో ఆ గీత పడితే ఇంక రెండేళ్ళు ఎవరూ అడగరు.

"ఉన్నాయండీ. రెండుసార్లు. నేను చూశాను" అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. ఎదురుగా గోడమీదున్న కంటిపరీక్ష అక్షరాలు చూస్తూ కూర్చున్నాడు. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి నన్ను అన్నీ అడిగింది. పెదవులు, చెయ్యి, ఎంతసేపు, తర్వాత ఏమన్నాడు. నేను చెబుతుంటే ఆయన ఎవరో మూడో మనిషి సంగతి విన్నట్టు విన్నాడు. మూర్ఛ అంటే కిందపడి కొట్టుకోవడమే కానక్కర్లేదని, ఇది ఒక రకమని, వచ్చినట్టు వచ్చిన మనిషికి తెలియదని, పక్కనున్నవాళ్ళకే తెలుస్తుందని ఆవిడ చెప్పింది. మాత్రలు రాసింది. మాత్రలు వాడుతూ ఏడాదిపాటు ఒక్కసారి కూడా రాకపోతే అప్పుడు సర్టిఫికెట్ సంగతి చూద్దామంది. మెదడుకి పరీక్ష చేస్తే అందులో ఏమీ కనపడలేదు. ఏమీ కనపడనంత మాత్రాన ఏమీ లేదని కాదని ఆవిడ చెప్పిన మాట ఆయన చెవికెక్కలేదు. పరీక్షలో ఏమీ లేదన్నారు, అంతే ఆయనకి కావలసింది.

తిరిగొచ్చేటప్పుడు బండిలో ఒక్క మాట అన్నాడు. "నన్ను నువ్వే దించేశావే." ఆ తర్వాత నెలపాటు నాతో మాట్లాడలేదు.

మా అమ్మాయి మాత్రం మాట్లాడింది. ఇంటికొచ్చీ రాగానే బ్యాగు కింద పడేసి నా మీదికొచ్చింది. "నాన్న ఒంట్లో సంగతి నాన్నదమ్మా. నువ్వెవరు చెప్పడానికి?" అంది. పెళ్ళాన్ని అన్నాను. మరి పెళ్ళాంలా ఉండాల్సిందంది. చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది కానీ, దాని కళ్ళలో నీళ్ళు చూసి ఊరుకున్నాను. నాన్న అంటే దానికి ప్రాణం. ఆయన వెనకే తిరుగుతూ పెరిగింది.

క్లబ్ యజమాని ఆయన్ని ఒంటరిగా కూడా దూకనివ్వలేదు. రూలు ప్రకారం దూకొచ్చు, ఆ కాగితం మీద సంతకం ఆయనదే కాబట్టి. కానీ సంగతి తెలిశాక యజమాని భయపడ్డాడు. ఆఫీసులో కూర్చోబెట్టి పేర్లు రాయమన్నాడు. వచ్చినవాళ్ళు మర్యాదకి, మీరెప్పుడైనా దూకారాండీ అని అడిగేవాళ్ళు. మూడువేల ఎనిమిదొందల జంపులు చేసిన మనిషి, ఏదో చిన్నప్పుడండీ అని చెప్పి పెన్ను అందించేవాడు. మాత్రలు వారం వేసుకుని మానేశాడు, నిద్ర ముంచుకొస్తోందని. ఇంట్లో అన్నానికి పిలిస్తే వచ్చేవాడు, పెడితే తినేవాడు. ఒకరోజు దూకేటప్పుడు వేసుకునే దుస్తులు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేస్తూ కనిపించాడు. ఆ గుడ్డకి ఇస్త్రీ అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. నేను లోపలికెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. మంచిపని చేశానని నాకు తెలుసు, చేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడు జోరీగ ఫోన్ చేశాడు. జోరీగ అంటే మా క్లబ్బులో పాత పైలట్. చెవిలో దూరి ఆగకుండా మాట్లాడతాడని ఆ పేరు మా ఆయనే పెట్టాడు. పక్కదేశం వెళ్ళి సొంతంగా క్లబ్ పెట్టుకున్నాడు. రైల్లో పగలంతా ప్రయాణం. సీజన్‌లో మనుషులు చాలడంలేదు, మాస్టారూ వచ్చెయ్యండి, ఇక్కడ డాక్టర్ల గోల లేదు, మన సంతకమే మనకి సర్టిఫికెట్ అన్నాడట. మా ఆయన నెల తర్వాత మొదటిసారి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని ఈ సంగతి చెప్పాడు. గొంతు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. అలా గొంతు విని ఎన్ని రోజులైందో.

ఒక కాగితం బల్లమీద పెట్టాడు. ఒకటే పేజీ. నాకు స్పృహ తప్పే జబ్బులేవీ లేవు అని ఒక వాక్యం, దాని కింద ఆయన సంతకం. ఇంకా కింద, పై వివరాలు నాకు తెలిసినంతవరకు నిజమేనని సాక్షి సంతకానికి చోటు. ఇంట్లోవాళ్ళెవరైనా పెట్టొచ్చట.

"అమ్మాయి పెడతానంది. నేనే వద్దన్నాను. నువ్వు పెడితే బాగుంటుంది" అన్నాడు.

అంటే నన్ను క్షమించడానికి దారి అదన్నమాట. నేను కాగితం రెండుసార్లు చదివాను. తెలిసినంతవరకు అన్న చోట వేలు పెట్టి ఆయన వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు.

"టాండెం చెయ్యరుగా?" అన్నాను.

"సొంత సంతకం మీద టాండెం ఎక్కడైనా చెయ్యనిస్తారటే?" అన్నాడు.

ఏ దేశంలో ఏ రూలో నిద్రలో లేపినా చెప్పే మనిషి. నేను అడిగితే చెయ్యను అనలేదు, ప్రశ్నకి ప్రశ్న వేశాడు. అది అప్పుడే తట్టాల్సింది నాకు. కానీ ఇరవై రెండేళ్ళుగా నేను చూసిన కాగితాల్లో సొంత సంతకం అంటే ఒంటరి జంపే. అన్ని దేశాల్లోనూ అంతేననుకున్నాను. అబద్ధానికి సంతకం పెడుతున్నానని నాకు తెలుసు. జరిగితే ఆయన ఒక్కడికే జరుగుతుందని లెక్కేసుకున్నాను. ఆ లెక్క వేసిన మనసు ఎలాంటిదో ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే అసహ్యం. కానీ ఆ రోజు ఇంట్లో మనిషి గొంతు వినపడుతోంది. పెట్టాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఏం వండావే అని అడిగాడు.

మర్నాడే వెళ్ళిపోయాడు. మా అమ్మాయి పరీక్షలైపోయాయని తనూ వెంట వెళ్ళింది. రోజూ ఫోన్. ఆకాశం ఎలా ఉంది, జోరీగ విమానం ఎంత పాత డొక్కు, అక్కడి పారాచూట్లకి కుట్లు ఎంత అధ్వాన్నంగా ఉన్నాయి, నువ్వు చూస్తే కళ్ళు తిరిగి పడిపోతావు. నేను ఇక్కడ షెడ్డులో ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కుట్టుకుంటూ నవ్వేదాన్ని. ఐదు వారాలు అలా గడిచాయి. మా కాపురంలో అంత బాగా మాట్లాడుకున్నది ఆ ఐదు వారాలే.

ఒక బుధవారం మధ్యాహ్నం మా షెడ్డులో ఎవరో ఫోన్ చూపించి, మాస్టారు భలే ఉన్నారే అన్నారు. జోరీగ క్లబ్బువాళ్ళు పెట్టిన ఫోటో. మా ఆయన గాల్లో ఉన్నాడు, బొటనవేలు పైకెత్తి. ఆయన ఛాతీకి కట్టుకుని ఒక పెద్దాయన, బోసినోరు తెరిచి నవ్వుతున్నాడు. కింద చూస్తే ఇంకా ఉన్నాయి. ఒక్కో ఫోటోలో ఒక్కో మనిషి. లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దగ్గర ఆపేశాను.

జోరీగకి ఫోన్ చేశాను. సొంత సంతకం మీద టాండెం ఎలా చేయిస్తున్నావని అరిచాను. అతను నిజంగానే బిత్తరపోయాడు. "ఇక్కడ ఒకటే కాగితం అక్కా. ఒక్కడే దూకినా, ఇంకొకళ్ళని కట్టుకున్నా అదే. మాస్టారికి తెలుసుగా" అన్నాడు. ఆయనకి వచ్చే జబ్బు సంగతి చెప్పాను.  అటునుంచి ఫైల్లో కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినపడింది. చివరికి, సాక్షి సంతకం మీదే కదక్కా అన్నాడు.  మాస్టారితో మాట్లాడతానన్నాడు.

మా ఆయన తనే ఫోన్ చేశాడు. కోపంగా లేడు, బతిమాలుతున్నట్టున్నాడు. ఇంకా పదిరోజుల్లో సీజన్ అయిపోతుంది, అయిపోగానే వచ్చేస్తాను, వచ్చి మాత్రలు వేసుకుంటాను అన్నాడు. "అది మళ్ళీ రాలేదే, నిజం" అన్నాడు.

"వచ్చిందో లేదో మీకెలా తెలుస్తుందండీ?" అన్నాను.

 ఆదివారం లోపల మానెయ్యండి, లేకపోతే సోమవారం అక్కడి లైసెన్సు ఆఫీసుకి నేనే రాస్తానన్నాను. అమ్మాయి ఫోన్ లాక్కుంది. నాన్నని ఒకసారి చంపావు, రెండోసారి చంపకు అంది. ఆదివారం దాకా ఆగుతానన్నాను కదే అని దాన్ని సముదాయించాను. నాలుగు రోజులు గడువిచ్చాను. గడువివ్వడానికి నేనెవర్ని? నా వస్తువేమైనా అప్పుగా అడిగారా? ఫోన్ పెట్టేసి ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను కూడా. ఏదో గట్టిగా చెప్పానని తృప్తి.

శనివారం పొద్దున పదకొండింటికి జరిగింది. నాకు జోరీగ చెప్పాడు, ఏడుస్తూ, ముక్కలు ముక్కలుగా. పారాచూట్ బాగానే విచ్చుకుంది. సగం దూరం దాకా సరిగ్గానే తిప్పుకుంటూ వచ్చాడు. కిందున్నవాళ్ళు చెయ్యి కూడా ఊపారట. తర్వాత పారాచూట్‌ని తిప్పే తాళ్ళలో ఎడమచేతిది కిందకి లాగి, అలాగే పట్టుకుని ఉండిపోయాడు. పారాచూట్ ఎడమవైపుకి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది, తిరిగేకొద్దీ వేగం పెరిగింది. ముందున్న ఆవిడ గట్టిగా పిలుస్తోందట, కిందకి వినపడింది. సార్, సార్ అని. ఆవిడ స్కూల్లో లెక్కలు చెప్పే టీచరు. యాభై నిండాయని తనకి తనే ఇచ్చుకున్న కానుకట ఆ జంపు. ముందు నేలకి తగిలింది ఆవిడే. ఆసుపత్రికి చేరకముందే పోయింది. ఆవిడ మీద పడబట్టి మా ఆయనకి తుంటి, రెండు కాళ్ళు విరిగి ప్రాణం మిగిలింది.

నేను ఆదివారం సాయంత్రానికి ఆసుపత్రి చేరాను. మా ఆయన కాళ్ళు రెండూ తాళ్ళతో పైకి కట్టి ఉన్నాయి. నన్ను చూసి మొట్టమొదట అన్న మాట, పక్కగాలి కొట్టిందే అని. ఒక్కసారిగా పక్కగాలి కొట్టింది, లాగాను, ఆగలేదు. అబద్ధం చెబుతున్న మొహం కాదది. ఆయనకి నిజంగా తెలియదు. మధ్యలో ఉన్న ఖాళీని ఏదో ఒకదానితో పూడ్చుకోవాలి కదా, గాలితో పూడ్చుకున్నాడు. నేను దుప్పటి సర్ది, అవునండీ అన్నాను.

సోమవారం విచారణ ఆఫీసరు వచ్చాడు. ఆ కాగితం చూపించి ఈ సంతకం మీదేనా అన్నాడు. నాదే అన్నాను. ఆరోజు గాలి లేదండీ, ఆకు కూడా కదల్లేదు, మీ ఆయనకి ఇంతకుముందు ఏమైనా ఉండేదా అన్నాడు. ఒంట్లో బాగోలేదు, రేపు చెబుతానని తప్పించుకున్నాను. ఆఫీసరు వెళ్ళాక మా అమ్మాయి నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. రెండురోజుల్లో సగమైపోయింది పిల్ల. నా చెయ్యి పట్టుకుని, నాన్న మీద కేసు పెడతారమ్మా, నీమీద కూడా, గాలి అనే చెబుదాం, ఆవిడ ఎలాగూ తిరిగి రాదుగా అంది. ఆ మాట అని తనే వెక్కివెక్కి ఏడ్చింది. నేను సరేనన్నాను. నిజంగానే సరేనన్నాను.

వరండా చివర బెంచీ మీద ఒక ముసలావిడ చాలాసేపటినుంచి కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక చేతిసంచి, దాన్ని రెండుచేతులా పట్టుకుని ఉంది. లేచి మా దగ్గరికి వచ్చింది. మాస్టారి భార్య మీరేనా అంది. తను టీచరమ్మకి అక్కనని, రైల్వేలో టికెట్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యానని చెప్పింది. నేను దండం పెట్టాను. తిడుతుందనుకున్నాను. తిట్టడానికి రాలేదావిడ.

సంచిలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. దూకే ముందు క్లబ్బువాళ్ళు రాయించుకునే ఫారం నకలు. ఏం జరిగినా బాధ్యత నాదే అని టీచరమ్మ సంతకం, కింద సాక్షి సంతకం.

"ఆ సాక్షి సంతకం నాదమ్మా. మా చెల్లి తొందరపెడుతుంటే చదవకుండా పెట్టేశాను. రైళ్ళలో ముప్ఫై ఏళ్ళు ప్రతి కాగితం తిప్పితిప్పి చూసినదాన్ని, ఇదొక్కటి చదవలేదు. నాకు ఇప్పుడు అక్షరాలు ఆనడంలేదు. అందులో ఏమైనా రాసుందా? చదివుంటే నేను దాన్ని ఆపేదాన్నా?" అంది.

మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా నొక్కింది. నేను ఆ కాగితం అటూ ఇటూ చూశాను. బరువు, వయసు, అడ్రసు, మామూలు మాటలే. ఆవిడ నా పెదవుల వంక చూస్తూ నిలబడింది. ఇందులో ఏమీ లేదండీ, అంతా గాలి చేసిన పని అంటే అయిపోయేది.

"లేదండీ. మీరు చదివినా ఆపేవారు కాదు. ఆపాల్సిన సంగతి వేరే కాగితంలో ఉండాలి. మా ఆయన కాగితంలో. దానిమీద సాక్షి సంతకం నాది" అన్నాను. "నేను చదివే పెట్టానండీ."

మా అమ్మాయి నా చెయ్యి వదిలేసి వాళ్ళ నాన్న గదిలోకి వెళ్ళిపోయింది.  ఆవిడ బెంచీ మీద కూలబడి, సంచి ఒళ్ళోకి తీసుకుని, పక్కన చోటు చూపించి, మొత్తం చెప్పమంది. కూర్చుని, వంటింట్లో టీ ఒలికిన పొద్దుటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.